ఆటకు రసీదు ఉండదు

మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండిన నెలలో, అంకె 5ను అది ఎన్నిసార్లు రాసిందో లెక్కపెట్టాను. ఆదివారం మధ్యాహ్నం, కరెంటు లేదు, వేరే పనీ లేదు. పేజీకి పది వరుసలు, వరుసకు ఎనిమిది, మొత్తం ఏడు పేజీలు. 560. మొదటి పేజీలో 5లు నిటారుగా నిలబడి ఉన్నాయి. మూడో పేజీకి నడుం వాల్చాయి. ఆరో పేజీలో కొన్ని అటు తిరిగి 2లు అయిపోయాయి. అయినా ప్రతి పేజీ కిందా ఎర్ర సిరాతో టిక్కు, పక్కన ఒక నక్షత్రం.

ఆ సాయంత్రం చుట్టాలు ఐదుగురు వచ్చారు. గిన్నెల్లో పాయసం పోస్తూ మా ఆవిడ "ఐదు చెంచాలు తీసుకురా తల్లీ" అంది. పిల్ల వంటింట్లోకి పరుగెత్తి గుప్పెడు పట్టుకొచ్చింది. చూస్తే తొమ్మిది. "ఇవి ఐదేనా?" అని అడిగాను. "ఐదే" అంది, ఏ సందేహమూ లేకుండా.

తప్పు పిల్లది కాదని ఇప్పుడు తేలిగ్గా రాసేస్తున్నాను. ఆ రోజు మాత్రం చుట్టాల ముందు చిన్నతనమనిపించింది. వాళ్ళు వెళ్ళగానే పిల్లను కూర్చోబెట్టి మరో పేజీ రాయించాను. నిద్రమత్తులో రాసింది. ఈ వ్యాసం రాసే అర్హత ఆ పేజీతోనే నాకు సగం పోయింది. మిగిలిన సగంతో రాస్తున్నాను.

మేముండేది శ్రీకాకుళంలో. బడి పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, మా వీధి చివర నిలబడితే అటువంటివి మరో నాలుగు కనిపిస్తాయి. ఎల్‌కేజీలో 38 మంది పిల్లలు, ఒక్క టీచరు. ఆమెకు పాతికేళ్ళుంటాయేమో. ఈ వయసులో ఇంత రాత అవసరమా అని మర్యాదగానే అడిగాను. ఆమె కూడా మర్యాదగానే జవాబిచ్చింది. "ఆడించడం నాకూ ఇష్టమే సార్. కానీ నెల తిరిగేసరికి పుస్తకం ఖాళీగా ఉంటే, ఇంత ఫీజు కడుతున్నాం, ఏం చెబుతున్నారు అని వచ్చి అడిగేది మీరే."

మీరే అంటే మీలాంటి తల్లిదండ్రులు అని ఆమె ఉద్దేశం కావచ్చు. కానీ జూలైలో అలా వెళ్ళి అడిగింది నిజంగా నేనే. ఆమె గుర్తుపట్టలేదు, లేదా గుర్తుపట్టనట్టు ఉండిపోయింది.

అప్పటినుంచి ఆ నోటు పుస్తకం నాకు రసీదులా కనిపిస్తోంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. డబ్బు కట్టినవాడు చేతికి కాగితం అడుగుతాడు, అడగాలి కూడా. చిక్కల్లా ఎక్కడంటే, ఆరేళ్ళ లోపు పిల్లలు నేర్చుకునేవాటిలో ముఖ్యమైనవేవీ కాగితం మీద పడవు. తన వంతు వచ్చేవరకు ఆగడం, చూసినదాన్ని వరసగా చెప్పడం, కూలిన ఇసుక గూడును ఏడవకుండా మళ్ళీ కట్టుకోవడం, ఒకరికి ఒకటి చొప్పున పంచడం. వీటికి రసీదు రాదు. 560 సార్లు రాసిన 5కు వస్తుంది. అందుకే బడి దాన్ని అమ్ముతుంది, మనం కొంటాం.

దసరా సెలవుల తర్వాత పిల్లకు ఆటలమ్మ పోసింది. తగ్గి, పొక్కులు రాలిపోయాక కూడా నీరసం వదల్లేదని మా అమ్మ దగ్గర మూడు వారాలు ఉంచాం. మా ఊరు పొందూరు పక్కన. అక్కడ అంగన్‌వాడీ మా ఇంటికి నాలుగు గడపల దూరం. ఒక్కతే ఏం తోచుతుంది అని మా అమ్మ రోజూ దానిని అక్కడ కూర్చోబెట్టి వచ్చేది. నేను శని, ఆదివారాల్లో వెళ్ళేవాణ్ణి. ఒక శనివారం పొద్దున్న అక్కడ చూసినది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

గుమ్మం పక్కన ఒక పాత పాలడబ్బా, దాని పక్కన చింతపిక్కల గిన్నె. లోపలికి వచ్చిన ప్రతి పిల్లా ఒక పిక్క తీసి డబ్బాలో వేయాలి. అందరూ వచ్చాక ఇద్దరు పిల్లలు డబ్బాను బోర్లించి, పిక్కలు లెక్కపెట్టి, వంట దగ్గరికి వెళ్ళి ఆయాకు చెప్పాలి. ఆమె అన్ని గుడ్లు ఉడకబెడుతుంది. ఇంతే. కొత్త పరికరం లేదు, గోడ మీద రంగుల బొమ్మ కూడా సరిగ్గా లేదు.

ఆ రోజు డబ్బాలో 13 పిక్కలే ఉన్నాయి. 13 గుడ్లు ఉడికాయి. పంచేటప్పుడు ఒక పిల్లకు గుడ్డు లేదు. పెద్ద గొడవ. నేనైతే వెంటనే లెక్క సరిచేసి తీర్పు చెప్పేసేవాణ్ణి. టీచరమ్మ నోరు విప్పలేదు. కాసేపాగి "ఇప్పుడేం చేద్దాం?" అని మాత్రం అడిగింది. ఎవరో గుడ్లన్నిటినీ వరసగా పెట్టమన్నారు. ఒక్కొక్కరు ఒక్కో గుడ్డు ముందు కూర్చున్నారు. ఒక పిల్ల నిలబడే ఉంది. మళ్ళీ లేచి పిక్కలను వరసగా పెట్టారు, పిక్క ముందు ఒకరు కూర్చున్నారు. మళ్ళీ ఒక పిల్ల మిగిలింది. అంటే ఎవరో పిక్క వేయలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాసేపటికి ఒక బాబు జేబులోంచి పిక్క తీసి డబ్బాలో వేశాడు. బాగుందని దాచుకున్నాడట. దాని మీద పులి చార లాంటి గీత ఉంది, నాకూ చూపించాడు.

పద్నాలుగో గుడ్డు ఆయా దగ్గర ముందే ఉంది. అలాంటి రోజులు ఆమెకు కొత్తేమీ కాదు. లెక్క తేలేవరకు బయటపెట్టలేదంతే.

ఒకదానికి ఒకటి జత చేయడం అనేది అంకెలన్నిటికీ పునాది. మా పిల్ల ఆ పనిని ఆ గుంపులో కూర్చుని చేసింది. అక్కడ లెక్క తప్పితే ఒక మనిషికి గుడ్డు లేదు. నోటు పుస్తకంలో లెక్క తప్పితే ఎవరికీ ఏమీ కాదు, ఎర్ర టిక్కు ఎలాగూ పడుతుంది. మూడో వారం చివర మా అమ్మ అన్నానికి పిలిస్తే, పిల్ల ఎవరూ చెప్పకుండానే "నాన్నమ్మకు, నాన్నకు, అమ్మకు, నాకు" అనుకుంటూ ఒక్కొక్క కంచం పెట్టింది. నాలుగు. కంచం కింద కూడా ఎర్ర టిక్కు పెడదామనిపించింది.

టెట్‌కు, డీఎస్సీకి చదివినవాళ్ళందరికీ శిశు కేంద్రిత విద్య అనే మాట కంఠతా వస్తుంది. మాట మీద నాకు పెద్ద గౌరవం లేదు, ఫీజు కరపత్రాల మీద ఎక్కి అది బాగా అరిగిపోయింది. పని మీద ఉంది. ఆ పని మొట్టమొదట చూడటం. పిల్ల ఎక్కడ ఆగిందో, ఏది పట్టుకుని వదలడం లేదో చూసి, ఆ తర్వాతే నోరు తెరవడం. శిశు కేంద్రితమంటే పిల్లలను వాళ్ళ మానాన వదిలేయడమని చాలామంది అనుకుంటారు. కానీ ఆ డబ్బా, ఆ పిక్కలు, ఆ మౌనం, అన్నీ టీచరమ్మ ముందే ఆలోచించి పెట్టుకున్నవి. రాయించడం కన్నా అది కష్టమైన పని.

అంగన్‌వాడీ అనే మాటలోనే ఈ సంగతి ఉంది. అంగణం అంటే వాకిలి. తారాబాయి మోదక్ గుజరాత్‌లోని భావనగర్‌లో, పిల్లల చదువు కోసం పనిచేసిన గిజుభాయితో కలిసి బాలమందిరం అనే చిన్నపిల్లల బడి నడిపిన మనిషి. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో బాలవాడి పెట్టారు. పేదల పేటల నుంచి పిల్లలు రాలేదు. తల్లిదండ్రులకు జ్ఞానం లేదని ఊరుకోలేదు ఆమె. బడినే ఆ పేటల్లోకి, వాళ్ళ వాకిళ్ళలోకి తీసుకువెళ్ళారు. గింజలు, గులకరాళ్ళు, గవ్వలు, అక్కడ దొరికేవే బోధన సామగ్రి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడు కేంద్రాలకు అంగన్‌వాడీ అన్న పేరే స్థిరపడింది. మన ఊళ్ళో దాన్ని గుడ్ల బడి అంటారు. కొంచెం ఎగతాళిగానే.

రాత గురించి ఇంకో మాట. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. ఏడాదికొకటి అన్నట్టు నెమ్మదిగా గట్టిపడుతూ వస్తాయి. నాలుగేళ్ళ పిల్లలో వాటిలో సగం ఇంకా ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఆ చేతికి పెన్సిలిచ్చి 560 సార్లు రాయమన్నాం.

మా అమ్మ ఇంటి ఎదురింట్లో ఖాదీ నూలు వడుకుతారు. పొందూరు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. సూదుల్లాంటి ఆ సన్నటి పళ్ళ వరసే దువ్వెన. మా పిల్ల మధ్యాహ్నాలు అక్కడే. చేప పళ్ళను వేలితో తాకి చూసింది, ఈ చేప ఏం తినేదని అడిగింది, పత్తిలోంచి గింజలు వేరు చేసింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. రేపు పెన్సిలు పట్టవలసినవి ఆ మూడు వేళ్ళే. గంటసేపు కదలకుండా కూర్చుంది. ఈ పిల్ల క్లాసులో కుదురుగా కూర్చోదని బడి డైరీలో రెండుసార్లు రాసి ఉంది!

లెక్కల విషయంలో తొందర ఎంత వృథాయో ఇంట్లోనే చూడవచ్చు. ఏడు చింతపిక్కలు ఒక వరస, దాని కింద సరిగ్గా ఎదురెదురుగా ఇంకో ఏడు. రెండూ సమానమా అంటే నాలుగేళ్ళ పిల్ల సమానమే అంటుంది. ఇప్పుడు కళ్ళ ముందే కింది వరసను ఎడం ఎడంగా జరపండి. ఇవి ఎక్కువ అంటుంది. స్విట్జర్లాండు శాస్త్రవేత్త పియాజె పిల్లలతో ఇటువంటి పరీక్షలే చేసి, ఆరేడేళ్ళు వచ్చేవరకు చాలామంది ఇలాగే చెబుతారని చూపించాడు. నేను మా పిల్లను మూడుసార్లు సరిదిద్దాను. నాలుగోసారి సమానం అంది. అని, నా మొహంలోకి చూసింది. జవాబు పిక్కల్లో కాకుండా నా మొహంలో ఉంటుందని ఆ పూట నేర్చుకుంది. నేర్పింది నేను.

ఇదంతా మా బ్యాంకులో భోజనాల వేళ గొప్పగా చెబుతుంటే మా అటెండరు అన్నాడు. అతని తల్లిదండ్రులు చెన్నైలో ఇటుకలు మోసి అతన్ని పదో తరగతి దాకా చదివించారు. "మీ పాప ఆడుకున్నా చదువు వస్తుంది సార్. ఇంట్లో అందరూ చదివినవాళ్ళే. మా వాడికి బడిలో రాకపోతే ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. మాకు అక్షరం కావాలి. ఆట మా వీధిలో ఊరికే దొరుకుతుంది."

చాలా రోజులు దీనికి నా దగ్గర జవాబు లేదు. పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. ఇంగ్లీషు బడికి పిల్లవాణ్ణి పంపడానికి రోజు కూలి మానుకుని వరసలో నిలబడే తండ్రికి, ఆట గురించి నేను ఉపన్యాసమివ్వడం నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్షరం కావాలని అడగడంలో అతని తప్పు రవ్వంత కూడా లేదు.

కానీ ఈ పద్ధతి డబ్బున్నవాళ్ళ సరదా అనడం మాత్రం చరిత్రకు తలకిందులు. డాక్టరైన మరియా మాంటిస్సోరి తన మొదటి బడి తెరిచింది 1907 జనవరి 6న, రోము నగరంలో సాన్ లొరెంజో అనే కూలీల పేటలో. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు మెట్లూ గోడలూ పాడుచేస్తున్నారని ఆ ఇళ్ళ యజమానులే ఒక గది ఇచ్చారు. ఆ పిల్లలు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలు పెట్టి దిద్దుతూ, నాలుగైదేళ్ళకే తమంతట తాము రాయడం మొదలుపెట్టారు. అక్షరం వద్దనలేదు ఆవిడ. అక్షరం చేతిలోకి వచ్చే దారి వేరన్నది. తారాబాయి వెళ్ళింది కూడా పేదల వాకిళ్ళలోకే. మాంటిస్సోరి పేరు ఇవాళ ఏ ఊళ్ళోనైనా ఫీజు ఎక్కువున్న బోర్డు మీద కనిపిస్తుంది. ఆ బోర్డు రాయించినవాడు లోపల గరుకు అక్షరాలు పెట్టాడో లేదో ఎవరూ చూడరు.

మనకూ ఆ దారి తెలియనిది కాదు. వీధిబడుల్లో ఇసుకలో వేలితో దిద్దించేవారు. అక్షరాభ్యాసం నాడు మనం ఇప్పటికీ పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాయిస్తాం. మర్నాడే పెన్సిలు ఇచ్చేస్తాం.

అటెండరుతో మొన్న ఇంకో మాట అన్నాను. 560 సార్లు రాసినా 5 రాలేదని మా ఇంట్లో ఐదు చెంచాలతో బయటపడింది. పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉన్నారు. నీ ఇంట్లో నువ్వు రాత్రి తొమ్మిదికి చేరేసరికి కనిపించేది నింపిన పుస్తకం, నక్షత్రం. వచ్చేసిందనుకుంటావు. మూడో తరగతిలో బయటపడుతుంది, అప్పటికి వాడు మొద్దు అని పేరు పడిపోతుంది. దొంగ రసీదుతో ఎక్కువ నష్టపోయేది దాన్ని చదివి పట్టుకోలేని ఇల్లు. అతను తల ఊపాడు. ఒప్పుకున్నాడో, సార్ గదా అని ఊపాడో తెలియదు.

భాష సంగతి కూడా ఇక్కడిదే. నవంబరులో బడిలో తెలుగు బొమ్మల పరీక్ష పెట్టారు. పొడుగాటి లేత ఆకుపచ్చ కాయ. మా పిల్ల ఆనపకాయ అంది. అర మార్కు పోయింది, పుస్తకంలో సొరకాయ అని ఉంది కాబట్టి. మా అమ్మ పశువుల సాల మీద ఆనప పాదు పాకి ఉంటుంది. దాని పువ్వు రాత్రి విచ్చుకుంటుందనీ, కాయకు నూగు ఉంటుందనీ పిల్లకు తెలుసు. తెలిసిన కాయకు తెలిసిన పేరు చెబితే తప్పయింది.

ఇది గిడుగు రామమూర్తి పుట్టిన నేల. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నాడాయన. పాఠ్యపుస్తకాలు లేని ఆ భాషలో వాళ్ళ పిల్లల కోసం వాచకాలు రాసి, వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాడు. పిల్లవాడు ఏ మాటతో బడికి వస్తాడో ఆ మాటతోనే మొదలుపెట్టాలని ఆయన తేల్చి వంద సంవత్సరాలు దాటింది. మనం ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, ముప్పైయ్యో తేదీన ఆనపకాయకు అర మార్కు కోస్తాం. సీతంపేట కొండల్లోని సవర పిల్లలకైతే పోయేది అర మార్కు కాదు, మొత్తం మాటే. 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలైనప్పుడు, గిడుగు దారికి చివరికి తిరిగి వచ్చాం అనిపించింది.

కాగితం మీద మనకు లోటు లేదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళను ఒకే పునాది దశ అంది. 2022లో వచ్చిన పాఠ్యప్రణాళికా చట్రం ఆరేళ్ళ లోపు పిల్లలకు పాఠ్యపుస్తకమే వద్దంది. విద్యాహక్కు చట్టం మాత్రం ఆరేళ్ళ దగ్గరే మొదలవుతుంది. అంతకు లోపు పిల్ల సంగతి రాజ్యాంగం 45వ అధికరణలో, ప్రభుత్వం ప్రయత్నించాలి అన్న మాట దగ్గరే ఆగింది.

మా ఊరి టీచరమ్మను ఆకాశానికెత్తి వదిలేస్తే అన్యాయం. అంగన్‌వాడీ చేయవలసిన ఆరు సేవల్లో బడి ఒకటి మాత్రమే. మిగిలినవి పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, తల్లులకు సలహాలు, అవసరమైనవాళ్ళను ఆసుపత్రికి పంపడం. నేను వెళ్ళిన రెండో శనివారం పిక్కల డబ్బా అటక మీద ఉంది. ఆమె ఫోనులో పిల్లల బరువులు ఎక్కిస్తోంది, సిగ్నలు లేక వాకిట్లోకీ లోపలికీ తిరుగుతోంది. పిల్లలు తమలో తాము కొట్టుకుంటున్నారు. 2023 డిసెంబరులో రాష్ట్రమంతటా అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నప్పుడు వాళ్ళ గౌరవ వేతనం నెలకు 11,500. జీతం అనరు దాన్ని. పిల్లలను చూస్తూ కూర్చోవడం పని కిందికి రాదని లెక్కేసినప్పుడే ఆ మాట పుట్టి ఉంటుంది.

మరి పిల్లను ఊళ్ళోనే ఉంచేశావా అని అడుగుతారు. లేదు. ఇద్దరం ఉద్యోగస్థులం, పిల్ల మళ్ళీ అదే బడికి వెళుతోంది. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టాం, అది రెండు వారాలు నడిచి ఆగిపోయింది. ఒకటి మాత్రం చేశాను. ఎల్‌కేజీ పిల్లలకు ఇంటి రాత మానేయాలని, ఆ సమయంలో టీచరు ఆటలు ఆడిస్తే పుస్తకం ఖాళీగా ఉందని మేమెవరమూ అడగబోమని ఒక కాగితం రాసి, గత శనివారం తల్లిదండ్రుల సమావేశంలో అందరికీ చూపించాను. కాగితం చూసి టీచరు నవ్వు దాచుకోలేకపోయింది.

38 మందిలో ఏడుగురు సంతకం చేశారు. ఎనిమిదో ఆయన కాగితం చివరిదాకా చదివి, పెన్ను చేతిలోకి తీసుకుని, "మరి నోటు పుస్తకాలకని జూన్‌లో కట్టించుకున్న డబ్బు వెనక్కి ఇస్తారా?" అని అడిగాడు.

నవ్వుదామనుకున్నాను. కానీ అప్పటికే మనసులో నేను కూడా అదే లెక్క వేస్తున్నాను.